ఎర్ర దారం సీసా

కళ్ళు తెరవొచ్చని ఆయా రమణమ్మ చెప్పేసరికి మదనపల్లె ఆసుపత్రి డిస్పెన్సరీ గోడగడియారం మూడు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. అంటే నాలుగు కొట్టేదాకా, అక్కడ మందులు కలిపే కృపావతి చేయవలసిందల్లా ఊరికే కూర్చోవడం, ఊరికే కూర్చోవడం ఒక్కటే ఆమెకు చేతకాని పని. రెండు కళ్ళలో రెండు చుక్కలు. ఒక కంట్లో ఏడు నెలల చాకిరీ, ఇంకో కంట్లో ఉత్త ఉప్పునీళ్ళు. ఏది ఎందులో పడిందో రమణమ్మకే తెలుసు. సీసాలు రెండూ ఒకే తీరువి, ఒకదాని మెడకు ఎర్ర దారం, ఒకదానికి తెల్ల దారం, ఎర్రదాంట్లో మందు. చుక్కలు వేసేముందు కృపావతి తల వెనక్కి వాల్చి పైకప్పు దూలాల్ని చూస్తూ, నీకు తోచిన కంట్లో ఎర్రది వెయ్యి, మిగిలిన కంట్లో తెల్లది వెయ్యి, నాలుగు కొట్టేదాకా నాకు మాత్రం చెప్పకు అంది. రమణమ్మ అలాగే వేసింది. మూడు వారాలుగా ఆమె కృపావతితో మాట్లాడిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

“మండతాండాదా అమ్మా?”

“కొంచెం. రెండూ.”

“రెండూనా,” అంది రమణమ్మ తనలో తాను అనుకున్నట్టు, సీసాలు రెండూ కొంగున ముడేసుకుని బయట మెట్లమీద కూర్చుని ఉతికిన కట్టుగుడ్డల్ని చుట్టడం మొదలుపెట్టింది. మంచిదే, సీసాలు కంటికి కనబడకపోవడమే మంచిది. మనసు కోతి, ఎర్ర దారం కనబడితే ఆ వైపు కన్నే నాకు తేడాగా ఉందంటుంది. ఒకసారి మోసపోయింది గనకనే ఇంత తతంగం. పొద్దున సువర్ణ డాక్టరమ్మ ఒప్పుకోలేదు, పిల్లి కంట్లో వేసి చూడమంది, వంటింటి పిల్లి ఎలుకల్ని పట్టడానికి పోయి మూడు రోజులైంది, యుద్ధకాలంలో పిల్లులకూ రేషన్ కరువే కాబోలు. నా కంట్లోనే వేసుకుంటానంటే, “నీ కన్ను నీ ఒక్కదాని సొత్తనుకుంటాండావా కృపా? అది ఆసుపత్రి కన్ను కూడా,” అని గద్దించి, మళ్ళీ తనే కిటికీలోంచి ఆడవాళ్ళ వార్డు వైపు చూసి, సరే, నాలుగింటికి వస్తాను, కంటిపాప విప్పారితే మసూదాకు వేద్దాం, లేదంటే దేవుడి దయ, అనేసి వెళ్ళిపోయింది. దేవుడి దయ అన్నప్పుడు ఆవిడ గొంతు దేవుణ్ణి తలుచుకున్నట్టు లేదు, సాయంత్రానికి ఇంక చేయగలిగింది లేదన్నట్టు ఉంది.

మసూదా మూడో మంచంమీద ఉంది. ఎడమ కన్ను పోయినట్టే. పోవడమంటే గుడ్డు ఎక్కడికీ పోలేదు, వాచిన కంట్లో పాప చిన్నదైపోయి వెనకున్న కంటి కటకానికి అతుక్కుపోయింది, అతుక్కున్నది ఇక విప్పుకోదు. అట్రోపిన్ చుక్కలు ముందే పడుంటే పాప బాగా తెరుచుకుని అతుక్కోకుండా ఉండేది. ఉన్న చివరి సీసా అడుగు దాకా ఊడ్చి వేశారు, అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు కుడి కన్ను ఎర్రబడి ఐదు రోజులు. మద్రాసుకు తంతి కొడితే, మందు యూరప్ నుంచి రావాలి, వచ్చింది వచ్చినట్టు ముందు మిలిటరీకి పోతుంది, ఆరు వారాలు ఆగండి అని జవాబు. ఆరు వారాలు ఆగడం మద్రాసుకు తేలికే. కంటిపాప ఆరు రోజులు కూడా ఆగదు.

మూడూ పన్నెండు. కృపావతి చేతి అద్దం తీసి చూసుకుంది. రెండు కళ్ళూ అలాగే ఉన్నాయి, నిద్ర చాలని కళ్ళు, కింద నల్లని చారలు, ఇరవయ్యేడేళ్ళకే అమ్మ ముఖం వచ్చేస్తోంది. అమ్మ అలా అద్దం చూసుకునేటప్పుడు తల పక్కకు వాల్చేది, కోడి గింజను చూసినట్టు, ఒక కన్నుతో. చిన్నప్పుడు అది అమ్మ వయ్యారం అనుకునేది తను. అమ్మ మిషన్ దొరసానులకు లేసు అల్లేది, తెల్ల దారంతో పువ్వులు, ఆకులు, ద్రాక్షగుత్తులు. ఒక ఏడాది కన్ను నెలరోజులు ఎర్రబడింది, నాన్న అహరోను పంతులు రోజూ ప్రార్థన చేశాడు, కన్ను ఎరుపు తగ్గింది, ప్రార్థన ఫలించిందన్నారు అందరూ. కానీ ఆ పాప గుండ్రంగా లేదు. ఒళ్ళో తల పెట్టుకుని పైకి చూస్తే చిరిగిన గుండీ కాజాలా వంకరగా ఉండేది, అటు వెలుగు పోదు, ఇటు చూపు రాదు. తర్వాత అల్లిన లేసుల్లో ద్రాక్షగుత్తులు లేవు, ఉత్త గళ్ళే. అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఆ కాజా మాత్రం కృపావతిని విడిచిపోలేదు, మద్రాసులో కాలేజీకి కూడా వెంట వచ్చింది, కెమిస్ట్రీ క్లాసులో మొదటి బల్లమీద ఆమె పక్కనే కూర్చుంది.

ఆ క్లాసులోనే ఒకనాడు మేష్టారు నల్లబల్లమీద ఒక బొమ్మ గీశాడు. ఏడు కర్బనాలు ఒక చుట్టుగా, ఆ చుట్టుకు ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా ఒక నత్రజని. వంతెన అన్నాడాయన. కృపావతికి వంతెనలా కనబడలేదు, పిడి ఉన్న బుట్టలా కనబడింది, కాయగూరలకు తీసుకెళ్ళే బుట్ట. ఉమ్మెత్తలో, అట్రోపిన్‌లో, కళ్ళు విప్పే మందులన్నిట్లో ఈ బుట్టే ఉంటుందన్నాడు. మొదట కట్టిన జర్మనీవాడు ముందు చుట్టు అల్లి, తర్వాత పిడి తగిలించాడట. ఇరవై మెట్లు, కుంచెడు పోస్తే చిటికెడు మిగిలేది. తర్వాత ఒక ఇంగ్లీషువాడు బొమ్మను తేరిపార చూసి, దీన్ని విడగొడితే ఎన్ని ముక్కలు అని అడిగాడట. మూడు. ఆ మూడింటినీ నీళ్ళలో వేసి వదిలేశాడు, అవే ఒకదాన్నొకటి పట్టుకుని చుట్టూ పిడీ ఒకేసారి బుట్టైపోయాయి. పొయ్యి లేదు, మంట లేదు. మిగతా ఆడపిల్లలు బొమ్మ దించుకున్నారు, కృపావతి దించుకోవడం మరిచి కూర్చుంది. నీళ్ళలోనా? ఉత్త నీళ్ళలోనా?

మూడూ ఇరవై. ఎడమ కంట్లో ఏదో మసక. కాదు, కుడి కంట్లోనా. కాదు, కిటికీ అవతల ఎవరో పొయ్యి ముట్టించారు, పొగ. చూడకు, చూస్తే ఏదో ఒకటి కనబడుతుంది.

అందరూ అడిగినదే ముందు రమణమ్మ అడిగింది, ఈ ఏడు నెలల మొదట్లోనే. “ఉమ్మెత్త సెట్టు ఎనక గోడ దగ్గరే ఉండాది గదమ్మా. ఈ కుండలూ ఈ కంపూ యాల?” ఎందుకో కృపావతి ఓపిగ్గా చెప్పింది. ఆకు రసం ఒకరోజు ఒక బలంతో ఉంటుంది, ఒకరోజు ఇంకో బలంతో, వాచిన కంట్లో పిండితే మందుకంటే మురికే ముందు పోతుంది. శుభ్రంగా విడదీయాలంటే బాన్లకొద్దీ స్పిరిటు కావాలి, స్పిరిటంతా యుద్ధానికి పోతోంది. నీళ్ళకు మాత్రం ఎవరూ రేషన్ పెట్టలేదు. రమణమ్మ తలూపింది. తలూపడం వేరు, ఒప్పుకోవడం వేరని అప్పుడు కృపావతికి తెలియదు.

మూడు ముక్కల్లో ఒకటి పాల నుంచి వచ్చింది. పుంగనూరు ఆవులు, మేకంత ఎత్తు, వెన్న మాత్రం గేదెను మించి. పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, విరుగుడును వార్డువాళ్ళకు కూరకిచ్చి, పచ్చని తేటను ఇగరబెడితే గరుకుగా పాలచక్కెర. దాన్ని నైట్రిక్ యాసిడ్‌తో కాస్తే ఎర్రటి పొగ, పెరట్లో బట్టలారేసుకున్నవాళ్ళంతా పరుగు. అందులోంచి తెల్ల పొడి, పొడిని అమ్మోనియాతో కలిపి బట్టీ పెడితే చుక్కచుక్కగా పైరోల్, దిగినప్పుడు నీళ్ళలా ఉండి సాయంత్రానికి కాఫీ రంగు. దాన్ని విప్పితే నాలుగు కర్బనాల ముక్క. రెండోది నిమ్మనపల్లె నుంచి బండిమీద వచ్చిన నిమ్మకాయల పులుపును పొగలు కక్కే గంధకామ్లంలో వేస్తే వచ్చింది, అది ఇంట్లో చేస్తే ప్రాణం తీసే గాలి పుడుతుందని వసారాలో చేసింది, మూతికి తడిగుడ్డ కట్టుకుని. మూడోది, పిడి, ఫార్మలిన్, నవాసాగరం కలిపి కాచితే వచ్చింది, చేప కంపు, ఆ వారం మెస్సులో తన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎన్ని నెలలు అలా గడిచాయో. మొదటిసారి మూడూ కలిపితే నల్లటి జిగురు. రెండోసారి జిగురు. పులుపు ఎక్కువైనా చెడుతుంది, క్షారం ఎక్కువైనా చెడుతుంది, చెట్టు తన రసాన్ని ఎంత పులుపుగా పెట్టుకుంటుందో అంతే ఉండాలని ఒక పాత పత్రికలో చదివి, లిట్మస్ కాగితం చేత్తో పట్టుకుని చంటిపిల్లకు పాలు కలిపినట్టు కలిపింది. చీకటి అలమరలో మూడు రోజులు. రెండో రోజు తలుపు తీస్తే గాజుకుండలో సన్నని బుడగలు, అడుగు నుంచి పైకి, ఒకదాని వెనక ఒకటి, తొందరలేకుండా. నిమ్మపులుపు నుంచి వచ్చిన ముక్క తన పని అయ్యాక అక్కర్లేనిదాన్ని గాలిగా వదిలేస్తోంది. బుట్ట కడుతోంది. అలమర ముందు గచ్చుమీద కూర్చుని ఆ బుడగల్ని చూస్తూ ఏడ్చింది కృపావతి, సంతోషంతోనే ఏడ్చింది.

బుట్ట కట్టడమే మందు కావడం కాదు. బుట్ట అడుగున ఒక చోట హైడ్రోజన్ చేర్చాలి, అది చేరే తీరులో రెండు రకాలు, అక్కాచెల్లెళ్ళలాంటివి, అవే అణువులు, అంతే తూకం; ఒకదానికి చేదు బాదం నుంచి తీసే మాండెలిక్ యాసిడ్ తగిలిస్తే, అట్రోపిన్ లాంటి పనే చేసే హోమట్రోపిన్ అయి కన్ను తెరుస్తుంది, రెండోదానికి తగిలిస్తే ఊరికే కూర్చుంటుంది. సోడియం, పాదరసంతో చేసింది కృపావతి, చేతిలో ఉన్నవి అవే. గింజలు తెల్లగా మెరిశాయి. కరిగించి సీసాలో పోసి తన కంట్లో వేసుకుంటే ముప్పావుగంటలో పాప బావిలా తెరుచుకుంది. డాక్టరమ్మ వాటేసుకుంది. కుప్పంలో రైల్వే పార్సిలు గుమాస్తాగా ఉన్న తమ్ముడు విల్సన్‌కు ఉత్తరం పోయింది. ఆ సాయంత్రమే రమణమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది, పొగడ్తలో తనకూ పాలు కావాలన్నట్టు నవ్వుతూ.

“ఊరగాయ పెట్టేముందు జాడీకి ఇంగువ పొగ పట్టించమా అమ్మా? అట్లే నేనూ సీసాకి ఉమ్మెత్తాకు రసం పట్టించి ఆరబెట్టినా. బాగా పట్టిండాది సూడు.”

వేరే సీసాలో, తన చేత్తో కడిగిన సీసాలో అవే గింజలు కరిగించి రెండో కంట్లో వేసుకుంది. గంట, రెండు గంటలు. ఏమీ లేదు. తెరిచింది ఆకు రసం, తన మందు చెవిటి చెల్లెలు. ఆ రోజు రమణమ్మను ఏమందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నీ చేతులు నా గాజుసామాను మీద పడితే చూడు అంది. బుద్ధిలేనిదానా అని కూడా అంది. పదిమంది ముందు అంది. అమ్మ వయసు మనిషి.

మూడూ ముప్పైమూడు. బయట కట్టుగుడ్డ చుడుతున్న చప్పుడు, గుడ్డను లాగి, చుట్టి, లాగి. ఆ చేతులకు తెలుసు ఏ కన్నో. ఆ చేతులు అబద్ధం చెబితే? ఎందుకు చెబుతాయి. ఆనాడు ఎవరడిగారని చెప్పింది? చెప్పకుండా ఊరుకుని ఉంటే ఎవరికి తెలిసేది? సీసా పుణ్యమా అని డాక్టరమ్మ పొంగిపోయి, ఆ గింజలే రోగుల కళ్ళలో వేసి, తెరుచుకోని కళ్ళను చూసి విధి అనుకునేవాళ్ళం, నేను పెద్ద కెమిస్టుననుకుంటూ తిరిగేదాన్ని. నా తప్పును నాకు చూపించిన మనిషిని నేను వాకిట్లో నిలబెట్టి తిట్టాను. ఇది కృపావతికి ఇంతకుముందు తట్టలేదు. ఏడు నెలలూ బొమ్మల్లోని వంతెనల్ని చూస్తూ కూర్చున్న బుద్ధికి ఇంత తేలిక సంగతి తట్టడానికి మూడు వారాలు పట్టింది.

సరైన అక్క కావాలంటే జింకు పొడి, అయోడిన్ యాసిడ్ కావాలి. విల్సన్ ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో, మద్రాసు నుంచి కుప్పానికి తెప్పించాడు. తనే పోయి తెచ్చుకుంది, రెండు వారాల కిందట, బొగ్గు బస్సులో. వెనక డ్రమ్ములో బొగ్గులు మండుతాయి, ఎత్తు వస్తే అందరూ దిగి నెట్టాలి. గడ్డిలో చుట్టిన జాడీ ఒళ్ళో పెట్టుకుని నెట్టడానికి దిగలేదని కండక్టరు సణిగాడు. పుంగనూరులో ఒకావిడ ఎక్కి పక్కన కూర్చుంది, ఎడమ కంటిమీద తడిగుడ్డ, వెనక సీట్లో భర్త సుభాన్. సిన్నబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుండావే అమ్మా, ఏముండాది అందులో, అని అడిగింది. యాసిడ్ అంటే, “మా ఇండ్లలో ఊరగాయనే అట్లా పట్టుకుంటాం,” అని నవ్వింది, ఆ నొప్పిలో కూడా. మసూదా. పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళలోంచి పోగు కొస పట్టి తీగె తీసే పని. ఆ కొస ఉందో లేదో అన్నంత సన్నం. నా సేతి ఏళ్ళు మంచియి అమ్మా, కానీ కన్ను సూపకపోతే ఏలు యాడికని పోతాది, అంది. ఒళ్ళో జాడీ కుదుపులకు గలగలమంటోంది. ఈ యాసిడ్ ఆవిడ కోసమేనని అప్పుడు ఇద్దరికీ తెలియదు. ఇవాళ ఎర్ర దారం సీసాలో ఉన్నది దాంతో చేసిన గింజలే.

మూడూ యాభై. కృపావతి మందుల పుస్తకం తీసి సన్నక్షరాల పేజీ తెరిచింది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చదివింది. వరసలు వరసలుగా ఉన్నాయి. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూసింది. తడి పలకమీద చెయ్యి రాసినట్టుంది. మళ్ళీ చూసింది. కన్నీళ్ళేమో అని తుడుచుకుంది, కన్నీళ్ళు నిజంగానే ఉన్నాయి, తుడిచినా అక్షరాలు తేలలేదు. కిటికీ వెలుగు ఎడమ వైపు నుంచి పోటెత్తి వస్తోంది. కుడి కన్ను మూసే ఉంచి అద్దం దగ్గరగా పెట్టుకుంటే ఎడమ కన్ను కనబడలేదు, దూరంగా పెడితే కనబడింది: గోధుమరంగు చుట్టు సన్నని అంచైపోయి, లోపలంతా నలుపు. గుండ్రని నలుపు, ఎక్కడా కాజా లేదు. వద్దు, పొంగకు. ఎడమ కంట్లో పడింది తెల్ల దారం సీసా అయితే? అప్పుడు నీళ్ళలోనే ఏదో ఉన్నట్టు, ఆకు మళ్ళీ ఎక్కడో దూరినట్టు, ఏడు నెలలూ మళ్ళీ గంగపాలు, సాయంత్రానికి మసూదా కన్ను కూడా. పది నిమిషాలు. ఈ పది నిమిషాలు కుప్పం నుంచి మదనపల్లె దాకా ఉన్నాయి, ఎత్తులన్నీ నెట్టుకుంటూ.

నాలుగు కొట్టింది. రమణమ్మే లేచి వచ్చి గడప బయట నిలబడింది, మూడు వారాల కిందట నిలబడిన చోటే.

“ఎడమ కంట్లో ఏది వేశావు రమణమ్మా?”

రమణమ్మ కొంగు ముడి విప్పి సీసాలు రెండూ అరచేతిలో పెట్టుకుని, ఒకదాన్ని వేలితో ముందుకు జరిపింది. ఎర్ర దారం. “నేను తాకింది పై దారమే అమ్మా. లోపలికి నా గాలి కూడా పోనియ్యలే.”

కృపావతి లేచి వెళ్ళి గడపలోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది, సీసాలతో సహా. ఆ పొద్దు అన్న మాటలు తప్పు, నన్ను కాపాడింది నువ్వే, అంది. రమణమ్మ ఆ కంటిలోకి తొంగిచూసి, “అబ్బ, మా ఊరి బాయంత ఉండాది,” అంది.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది, వెలుగు పడ్డా పాప ముడుచుకోలేదు, సీసా అందుకుని వార్డులోకి నడిచింది. మొదటి చుక్క నాలుగూ పదికి. పది నిమిషాలకొకటి. కృపావతి మంచం పక్కనే నిలబడింది కానీ రెండు కళ్ళ చూపూ కలవక దగ్గరివన్నీ మసక, అంత చిన్న పాప తేలదు, దూరాన గేటు దగ్గర సుభాన్ బీడీ ఆర్పి మళ్ళీ వెలిగించడం మాత్రం స్పష్టంగా కనబడుతోంది. ఐదూ ఇరవైకి డాక్టరమ్మ భూతద్దం పెట్టి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

“ఏమైందో చెప్పండి డాక్టరమ్మా, నాకు కనబడదు.”

“పైన వదిలింది,” అందావిడ, వంగే ఉండి. “పక్కన వదిలింది. కింద ఒక్క చోట పట్టుకుని ఉంది, అదీ సాగుతోంది. రాత్రికి వదులుతుంది కృపా. గుండ్రంగానే వస్తుంది.”

మసూదా కుడి చెయ్యి గాల్లోకి వచ్చి, బొటనవేలు చూపుడువేలు కలిపి, లేని పోగు కొసను పట్టుకుంది. “ఆ కిటికీ మూయండమ్మా, ఎలుతురు గుచ్చతాండాది,” అంది. కృపావతి అప్పటికే ఎడమ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. ఇద్దరూ ఒకే కిటికీ నుంచి మొహం తిప్పుకోవడం చూసి రమణమ్మ నవ్వుతూ వెళ్ళి రెక్క వేసింది, వస్తూ మంచం పక్కనున్న ఖాళీ సీసాను చేతిలోకి తీసుకుని, తీసుకోవచ్చో లేదో అన్నట్టు ఆగింది.

“రేపటికి ఇంకో నాలుగు కావాలి,” అంది కృపావతి. “నువ్వే కడిగి పెట్టు.”

“దేంతో కడిగేది అమ్మా?”

“ఉత్త నీళ్ళతో.”

రమణమ్మ సీసా పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళింది.